పాలిస్టర్ పాపమా?

మా కొడిమ్యాలలో జాకెట్లు కుట్టేవాళ్లెవరినడిగినా పాలిస్టర్ మీద చిరాకు పడతారు. సూది కింద జారుతుంది, ఇస్త్రీపెట్టె కాస్త వేడెక్కితే ముడుచుకుపోతుంది, చెమట పీల్చదు. నేనూ కుట్టేదాన్నే, నాదీ అదే చిరాకు. అయినా న్యాయమైన ఫ్యాషన్ అంటే పాలిస్టర్ మానెయ్యడమేనని ఎవరైనా పాఠం చెబితే ఒప్పుకోబుద్ధి కాదు. మధ్యలో మరమగ్గాల ఊరు సిరిసిల్ల అడ్డమొస్తుంది.

అక్కడ మరమగ్గాలను సాంచెలంటారు. వాటి మీద ఎక్కువగా నడిచేది పాలిస్టరే. సేటు దారం ఇస్తే, సాంచెలున్న ఆసామి కూలికి నేయిస్తాడు. ఇంట్లో ఆడవాళ్లు బీడీలు చుడతారు. పని దొరక్క, అప్పు తీరక నేతన్నలు ప్రాణాలు తీసుకుంటుంటే ఆ ఊరిని ఉరిసిల్ల అన్న రోజులున్నాయి.

2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ పండుగకు ఆడవాళ్లకు చీరలు పంచడం మొదలుపెట్టింది. సిరిసిల్ల సాంచెలకు సమయం చాలక ఆ ఏడు సూరత్ నుంచి కూడా తెప్పించారు. నాసిరకమంటూ కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు చీరలు తగలబెట్టారు. డిజైన్ మీద మన దగ్గర అంత సూటిగా వచ్చిన తీర్పు మరొకటి నాకు గుర్తులేదు! ఆ తర్వాత ఆర్డర్ సిరిసిల్లకు మళ్లింది, నిఫ్ట్ ఫ్యాషన్ సంస్థ డిజైనర్లను పిలిచారు, అంచులు, రంగులు మారాయి. పండుగ ముందు నెలల్లో సాంచెలు ఆగకుండా ఆడాయి. 2024లో ఆ ఆర్డర్ లేదు, చాలా సాంచెలు ఆగాయి. 2025లో మహిళా సంఘాల చీరల ఆర్డర్ వచ్చాక మళ్లీ కదిలాయి.

ఆ ఊళ్లోనే వెల్ది హరిప్రసాద్ మగ్గం మీద జీ20 లోగో నేశాడు, 2022లో ప్రధాని మన్ కీ బాత్‌లో ఆయన పేరు చెప్పారు. నల్ల విజయ్ అగ్గిపెట్టెలో పట్టే చీర నేశాడు. ఆ పనితనానికి దండం పెడతాను. కానీ కెమెరాలు వాళ్ల ముందు ఆగినంతసేపు సాంచె ముందు ఆగవు.

న్యాయమైన ఫ్యాషన్ సంగతికొస్తే, 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయాక, మా బట్టలు ఎవరు కుట్టారని లోకమంతా కంపెనీలను నిలదీసింది. అసలు ప్రశ్న అదే. చొక్కా అచ్చంగా నూలుదే అయినా కుట్టిన మనిషికి కూలి సరిగా ముట్టిందని ఏమీ లేదు. మా జిల్లాలోనే మెట్‌పల్లి ఖాదీ ఉంది, నాకు ఇష్టం. ఆ ఇష్టంతో సిరిసిల్లను చిన్నచూపు చూడలేను.

పాలిస్టర్ ప్లాస్టిక్కే, కాదనను. సర్కారు చీరల్లో నూలు పాలు పెంచమని డిజైనర్లు అడగాలి. సాంచెలకు నూలు కొత్తేమీ కాదు, లంగాల బట్ట నేసిన అలవాటుంది. అయితే చీర ధర పెరుగుతుంది. ఆ పెరిగిన డబ్బు ఎవరు పెట్టుకోవాలో ఆర్డర్ కాగితం మీదే రాయకపోతే, అది చివరికి నేసేవాళ్ల కూలిలోంచే కోతపడుతుంది.