కాళ్ళే కట్టెలైన పొయ్యి

మా అవ్వకు దెయ్యాలంటే భయం లేదు. కట్టెల ఖర్చంటే ఉండేది. ‘జగన్మోహిని’లో దెయ్యం పొయ్యి ముందు కూర్చుని, కట్టెలకు బదులు తన కాళ్ళే పొయ్యిలోకి తోసి వంట చేసే ఘట్టం వచ్చినప్పుడల్లా ఆమె అనే మాట ఒకటే: “చూస్తివా, దానికి కట్టెలు కొనే పని లేదు.” పిల్లలం మాత్రం ఆమె కొంగు కింద తలలు దాచుకుని, ఒక కన్ను తెరిచి చూసేవాళ్ళం.

మాది ఆండిపట్టి. మధురై నుంచి ఉసిలంపట్టి మీదుగా తేనికి పోతుంటే, కణవాయి (కనుమ) దాటగానే వచ్చే ఊరు. బయటివాళ్ళకు ఎం.జి.ఆర్., జయలలిత గెలిచిన నియోజకవర్గంగానే తెలుసు. ఈ చుట్టుపక్కల గంటమనాయకనూరు జమీను ఉండేది. పెరియకుళం పక్కన వడుగపట్టి ఉంది. వడుగులంటే తమిళంలో తెలుగువాళ్ళు. నాయకరాజుల కాలంలో వచ్చినవాళ్ళం, ఇంట్లో తెలుగూ వీధిలో తమిళమూ మాట్లాడుతూ ఉండిపోయాం. తెలుగు అక్షరాలు నేను ముప్పై దాటాక నేర్చుకున్నాను. అవ్వ అసలు నేర్చుకోనేలేదు.

1978లో బి. విఠలాచార్య తెలుగులో తీసిన ‘జగన్మోహిని’ మా దాకా వచ్చింది తమిళ డబ్బింగులో. మోహిని అనే ఆ దెయ్యం వేషం కట్టిన జయమాలిని పెదవులు ఒక భాష పలుకుతుంటే చెవికి ఇంకో భాష వినబడేది. తక్కిన ఊరికి అది అతకని మాట. మా ఇంటివాళ్ళకు అది రోజూ ఉండేదే. అవ్వ తెర మీద పెదవులు చూసి అసలు మాట పట్టేసేది. “‘రా’ అంటోంది గదా, వీళ్ళు ‘వా’ అంటారేమి?” అని పక్కవాళ్ళకు వినబడేలా అనేది.

తక్కువ ఖర్చుతో భయపెట్టే సినిమా అనగానే ఇవాళ అమెరికాలోని బ్లమ్‌హౌస్ పేరు చెబుతారు. చెప్పవలసిందే. కానీ ఆ లెక్క మన భాషలో అంతకు ఎన్నో ఏళ్ళ ముందే వేసినవాడు విఠలాచార్య, వేసిన కంపెనీ విఠల్ ప్రొడక్షన్స్. ఆయన్ని జానపదబ్రహ్మ అని పొగిడి ఊరుకుంటాం. ఆయన పొదుపును మాత్రం పిసినారితనంగా చెప్పుకుని నవ్వుకుంటాం. నాకైతే ఆ పొదుపే ఆయన విద్య అనిపిస్తుంది.

ఆయన 1920లో ఉడుపి దగ్గర ఉద్యావరలో పుట్టారు. చిన్నప్పుడే ఇల్లు వదిలి అరసికెరె చేరి అక్కడ ఉడుపి హోటలు నడిపారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళొచ్చారు. తరవాత స్నేహితులతో కలిసి హాసన్ జిల్లా పల్లెల్లో టూరింగ్ టాకీసు పెట్టారు. మైసూరులో శంకర్ సింగ్‌తో కలిసి మహాత్మా పిక్చర్స్ తరఫున కన్నడ సినిమాలు తీసి, 1950ల్లో సొంత కంపెనీతో మద్రాసు వచ్చారు.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేవి రెండు: హోటలు, టూరింగ్ టాకీసు. హోటలు నడిపినవాడికి కట్టె విలువ తెలుసు, మిగిలిన పిండితో రేపు ఏం చెయ్యాలో తెలుసు. టూరింగ్ టాకీసు నడిపినవాడికి జనం తెలుసు. మా వైపు దాన్ని ‘కొట్టాయి’ అంటారు. గుడారం, ఇసక నేల. ఉన్నది ఒక్క ప్రొజెక్టరే కాబట్టి రీలు మార్చినప్పుడల్లా ఒక విరామం. ఇసకలో కూర్చున్న మనిషి ఎక్కడ ఆవలిస్తాడో, ఎక్కడ బీడీ ఆర్పి ముందుకు వంగుతాడో రోజూ చూసిన యజమాని, సినిమా తీసేటప్పుడు ఎవరినీ అడగనక్కరలేదు.

1959లో ‘జయవిజయ’తో మొదలుపెట్టి జానపదాలు వరసగా తీశారు. కాంతారావు చేతికి కత్తి ఇచ్చారు, ఎన్.టి. రామారావుతో ‘బందిపోటు’, ‘అగ్గిపిడుగు’, ‘మంగమ్మ శపథం’, ‘పిడుగు రాముడు’, ‘లక్ష్మీకటాక్షం’ సహా డజనుకు పైగా సినిమాలు చేశారు. పెద్ద హీరోలు సాంఘికాలకు మళ్ళిపోయాక ఆయన వెనక్కి తగ్గలేదు. హీరో స్థానంలో దెయ్యాన్ని నిలబెట్టారు. ‘జగన్మోహిని’లో నరసింహరాజు, ప్రభ ఉన్నా జనం టిక్కెట్టు కొన్నది మోహిని కోసం. దెయ్యానికి కాల్‌షీటు గొడవ లేదు, పారితోషికం పెంచమని అడగదు. అడిగిన నటుడు ఏమయ్యేవాడో సినిమావాళ్ళు ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు: మర్నాటి సీనులో మాంత్రికుడి శాపానికి చిలకైపోయేవాడట, మిగతా సినిమా అంతా పంజరంలోనే గడిచేదట. నిజమో కాదో గానీ, నిర్మాత ఎలాంటివాడో ఆ కథలో ఉంది.

ఇక పనితనం సంగతి. కంప్యూటరు లేని రోజుల్లో మాయ అంతా కెమెరా కడుపులోనే జరగాలి. అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా చవకైనది కెమెరా ఆపడం. ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ 1896 నుంచే వాడిన కిటుకు ఇది. కెమెరాను కదలకుండా బిగిస్తారు. మాంత్రికుడు మంత్రం వేస్తాడు. అంతే, అందరూ ఉన్నవాళ్ళు ఉన్నట్టు బిగుసుకుపోవాలి. కెమెరా ఆపుతారు. మనిషిని తీసి చిలకను పెడతారు. కెమెరా మళ్ళీ తిరుగుతుంది. దీనికయ్యే ఖర్చు ఒక చిలక. కష్టమంతా బిగుసుకుపోవడంలోనే. ఎత్తిన చెయ్యి బెత్తెడు జారినా, వెనక ఒక తెర గాలికి కదిలినా బొమ్మ తుళ్ళిపడుతుంది. అలా తుళ్ళిపడ్డా కనబడకుండా ఒక మబ్బు పొగ వదులుతారు. ప్రేక్షకుడు దాన్ని మంత్రశక్తి అనుకుంటాడు, అది అతుకు మీద కప్పిన గుడ్డ.

దీనికన్నా కష్టమైనది మాస్కు వేసి ఒకే ఫిల్ముపై రెండుసార్లు తీయడం. లెన్సు ముందు సగం మేర నల్ల అట్ట అడ్డం పెట్టి ఒక సగం తీస్తారు. ఫిల్మును చీకట్లోనే వెనక్కి చుడతారు. అట్టను రెండో వైపుకు మార్చి మిగతా సగం తీస్తారు. సెకనుకు 24 ఫ్రేములు. అయిదు సెకన్ల షాటంటే 120. వెనక్కి చుట్టేటప్పుడు లెక్క తప్పి 118 దగ్గర ఆగితే, కుడివైపు మనిషి విసిరిన కత్తి ఎడమవైపు మనిషికి తగలకముందే వాడు పడిపోతాడు. తప్పు ఆ పూట తెలియదు. లాబ్‌లో కడిగి, ప్రింటు వేసి, తెర మీద చూస్తే గానీ బయటపడదు. వెయ్యి అడుగుల 35 మి.మీ. ఫిల్ము తెర మీద పదకొండు నిమిషాలే వస్తుంది. ఆ ఫిల్ము కొన్నవాడికి 118కీ 120కీ తేడా రూపాయల్లో తెలుస్తుంది. అందుకే ఇలాంటి సినిమాల్లో మాయ షాటును ముందు కాగితం మీద గీసి, నటుల చేత సుద్దగీతల మధ్య పదిసార్లు నడిపించి, అప్పుడు గానీ కెమెరా మీట నొక్కరు. డబ్బు లేనిచోట ఆ పని ఓపిక చేస్తుంది.

ఇదే పద్ధతిలో అట్టకు బదులు నల్ల వెల్వెట్ వాడితే ప్రేతం పుడుతుంది. నలుపు ఫిల్ము మీద ఏమీ రాయదు. నల్ల తెర ముందు, నల్ల దుస్తుల మీద తెల్లటి ఎముకలు గీసుకున్న మనిషి ఎగిరితే ఫిల్ము మీద ఎగిరేది అస్థిపంజరమే. దాన్ని కోట మెట్ల బొమ్మ మీద రెండోసారి ఎక్కిస్తే, వెనకున్న స్తంభం దాని పక్కటెముకల్లోంచి కనబడుతుంది. నిజానికి అది ఆ పద్ధతిలో లోపం: వెనక వెలుతురుంటే బొమ్మ పలచబడుతుంది. ఆ లోపమే దెయ్యానికి లక్షణమైంది. దెయ్యమంటే ఒంట్లోంచి అవతలిది కనిపించేది అని మనకు నేర్పింది పురాణాల కన్నా ఈ రెండుసార్ల ఫిల్మే అని నా అనుమానం.

వెనక్కి తిప్పడం ఇంకొకటి. చెయ్యి జారి కింద పడ్డ కత్తిని వెనక్కి నడిపితే నేల మీది నుంచి ఎగిరి చేతిలోకి వస్తుంది. పొగ కుండలోకి దూరుతుంది. ముక్కలైన ఒళ్ళు అతుక్కుంటుంది. ఇక్కడ నటుడు అంతా తలకిందులుగా చెయ్యాలి: వెనక్కి నడవాలి, నవ్వు చివర నుంచి మొదలుపెట్టాలి. అలా తీసిన నడకలో ఎక్కడో ఒక చిన్న తేడా మిగిలిపోతుంది; పాదం నేలను తాకే తీరు మనిషిది కాదు. వంద మంది చేసే గ్రాఫిక్స్ ఇవ్వలేని జలదరింపు ఆ తేడాలో ఉంది.

పొయ్యి ఘట్టానికి కావలసినవి ఇంకా తక్కువ. కూర్చునే చోట మట్టి దిమ్మె కట్టి, దానిలో కంత పెట్టి అసలు కాళ్ళు లోపలికి దింపేస్తే, ముందర బొమ్మ కాళ్ళు చాపుకోవచ్చు. మంట అసలుదే. కాలేది బొమ్మ, ముఖం మీద పడే వెలుగు నిజం. ఆ మంట వెలుగులో జయమాలిని మామూలుగా, ఏ ఇల్లాలైనా అన్నం ఉడికిందా అని చూసినట్టు చూస్తుంది. భయం అక్కడ ఉంది. కోటలు, గుహలు, మంత్రదండాలు మా వాళ్ళెవరి ఇంట్లోనూ లేవు. పొయ్యి లేని ఇల్లు లేదు. సినిమా అయ్యాక ఇంటికొచ్చి ఎవరో ఒకరు ఆ పొయ్యి ముందు కూర్చోవాల్సిందే. కోట సెట్టు వేయడానికి లక్షలు పెట్టినవాడి భయం థియేటరు గుమ్మం దాటలేదు, విఠలాచార్య భయం మా వంటింటి దాకా వచ్చింది.

ఇలా చేతిలో లేనిదాన్ని బలం చేసుకున్నవాళ్ళు ఇతర చోట్లా ఉన్నారు. 1942లో ఆర్.కె.ఓ. స్టూడియో నిర్మాత వాల్ ల్యూటన్‌కు ఒక్కో సినిమాకు లక్షన్నర డాలర్లు మించకూడదని గిరి గీసింది. సినిమా పేరు స్టూడియోదే. ‘క్యాట్ పీపుల్’ అన్నారు. చిరుతను చూపించే స్తోమత లేక ఆయన రాత్రిపూట పార్కు గోడ పక్కన ఒంటరిగా నడిచే ఆడదాని అడుగుల చప్పుడు వినిపించాడు. వెనక ఇంకో జత అడుగులు. అవి ఆగిపోతాయి. ఉన్నట్టుండి చెవి పక్కనే బుస్సుమంటుంది. చూస్తే బస్సు! ఇవాళ్టికీ హాలీవుడ్‌లో ఈ కిటుకును ‘ల్యూటన్ బస్సు’ అంటారు. బొంబాయిలో రామ్సే సోదరుల కథ మనకు ఇంకా దగ్గర. ‘ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ’ (1970) సినిమా పోయింది, కానీ అందులో పృథ్వీరాజ్ కపూర్ ముసుగు వేసుకుని దొంగతనానికి వచ్చే సీనుకు మాత్రం జనం అరిచారని అన్నదమ్ములు గమనించారు. 1972లో మహాబలేశ్వర్ వెళ్ళి ‘దో గజ్ జమీన్ కే నీచే’ తీశారు. ఏడుగురు అన్నదమ్ముల్లో ఒకరిది కథ, ఒకరిది కెమెరా, ఒకరిది శబ్దం, ఒకరిది ఎడిటింగ్. ఉమ్మడి కుటుంబమే స్టూడియో. అమెరికాలో ఓరెన్ పెలి తన సొంత ఇంట్లోనే పదిహేను వేల డాలర్లతో ‘పారానార్మల్ యాక్టివిటీ’ తీస్తే, అది 2009లో విడుదలై పందొమ్మిది కోట్ల డాలర్లకు పైగా తెచ్చింది. బ్లమ్‌హౌస్ దశ తిరిగింది దానితోనే. నటులకు ముందు తక్కువిచ్చి, ఆడితే వాటా ఇవ్వడం వాళ్ళ పద్ధతి. మన నిర్మాత నటుణ్ణి చిలకను చేసినదానికన్నా మర్యాదైనదే.

తెలుగులో విఠలాచార్య తరవాత పూర్తి ఎదురు దారి పట్టినవాడు రామ్‌గోపాల్ వర్మ. రేవతితో తీసిన ‘రాత్రి’ (1992)లో దెయ్యం బొమ్మ దాదాపు లేదు; కెమెరాయే దెయ్యం, గది మూలల వెంట అదే పాకుతుంది. ‘దెయ్యం’ (1996)లో శ్మశానం మీద కట్టిన ఇల్లు. విఠలాచార్య అంతా చూపిస్తే వర్మ ఏమీ చూపించలేదు. రెండూ ఖర్చు లేని పనులే. తరవాత్తరవాత వర్మ ‘ఐస్‌క్రీమ్’ (2014) లాంటివి తీసినప్పుడు తక్కువ ఖర్చే గొప్పగా చెప్పుకునే విషయమైంది, ఓపిక కనబడలేదు. మా మధురై కుర్రాడు కార్తీక్ సుబ్బరాజ్ ‘పిజ్జా’ (2012)లో విజయ్ సేతుపతి చేతికి ఒక టార్చిలైటు ఇచ్చి చీకటి బంగళాలోకి తోశాడు. సినిమాలో మంచి భాగమంతా ఆ గుండ్రటి వెలుగులోనే జరుగుతుంది. దానికి అవతల ఏముందో మనమే కట్టుకోవాలి. తెలుగులో డబ్బింగైనప్పుడు మా వాళ్ళు రెండు భాషల్లోనూ చూశారు.

పొగడ్తతో పాటు ఒకటి చెప్పాలి. ఈ సినిమాల్లో ఆడదెప్పుడూ రెండే రకాలు: పూజ చేసే భార్య, పగ పట్టిన మోహిని. మగవాడు చేసిన తప్పుకు వాళ్ళిద్దరూ కొట్టుకుంటారు, చివరికి అతను గుళ్ళో దండం పెడతాడు. జయమాలినికి కథ ఇచ్చిన దానికన్నా డాన్సు ఎక్కువ ఇచ్చారు. పొదుపు అన్ని చోట్లా మంచి చేయలేదు, పాత్రల్లో కూడా పొదుపు పడింది.

‘జగన్మోహిని’ని 2009లో నమిత మోహినిగా తమిళంలో మళ్ళీ తీశారు. ఈసారి కంప్యూటర్ గ్రాఫిక్స్. టీవీలో వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. అప్పటికి మా ఇంట్లో పొయ్యి పోయి గ్యాసు వచ్చి చాలాకాలమైంది. అవ్వకు చూపు మందగించింది గనక పెదవులు పట్టలేకపోయింది. పట్టినా ప్రయోజనం లేదు, ఈ పెదవులు తమిళమే పలుకుతున్నాయి. కాసేపు చూసి అడిగింది: “ఇది వంట చెయ్యదా?”