అస్థుల పెట్టె, ఆజ్ఞల పెట్టె: ఒక పరిశీలన

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంత సంఘాలలో విగ్రహారాధనను ఖండించాలంటే యెషయా 44వ అధ్యాయం సిద్ధంగా ఉంటుంది. ఆళ్లగడ్డ శిల్పుల ఉలి చప్పుడు వీధిలోనే వినబడుతుంది గనుక ఉదాహరణ వెదకనక్కరలేదు. అదే ఊపులో, పరిశుద్ధుల అస్థులను భద్రపరచే ధాతుపేటికలను కూడా విగ్రహాల జాబితాలో చేర్చివేయడం మన బోధకులకు అలవాటు. ఈ జోడింపు వాక్యపరీక్షకు నిలువదని మా అభిప్రాయం.

శిల్పి చెక్కిన రాయికి ప్రాణప్రతిష్ఠ వలన పూజార్హత వస్తుంది. పేటికను దేవుడని ఎవరూ చెక్కలేదు. దాని గౌరవమంతా లోపలున్నదానిని బట్టియే. భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే వెలికితీసిన రాతి పేటికలే ఇందుకు సాక్ష్యం. వాటి ప్రాకృత శాసనాలలో ఒకటి, బుద్ధుని ధాతువుల కోసం కుర అనే వ్యక్తి, అతని తల్లిదండ్రులు, శివ అనే మరొకరు కలిసి పేటికను, స్ఫటిక భరిణెను చేయించారని చెబుతుంది. మృతుని పేటికపై దాతల పేర్లు! మన ఆలయాల శంకుస్థాపన ఫలకాలను చూచినవారికి ఇది వింత కాదు.

అసలు చిక్కు మన అనువాదంలో ఉంది. యోసేపు శవాన్ని ఉంచినది ‘పెట్టె’ (ఆది. 50:26), ఆజ్ఞల పలకలను ఉంచినది ‘మందసము’. హెబ్రీలో రెండింటికీ ఒకే మాట, ‘అరోన్’. ఎముకను ముట్టినవాడు ఏడు దినములు అపవిత్రుడని చెప్పిన (సంఖ్యా. 19:16) మోషేయే యోసేపు ఎముకలను వెంట తెచ్చాడు (నిర్గమ. 13:19). పలకలూ ఎముకలూ ఒకే అరణ్యంలో ప్రయాణించాయి. అయితే వాటి గమ్యాలు వేరు. ఎముకలు షెకెములో పాతిపెట్టబడ్డాయి (యెహో. 24:32), పలకలు అతిపరిశుద్ధ స్థలానికి చేరాయి (1 రాజులు 8:6-9). ఎలీషా ఎముకలు తగిలి మృతుడు లేచినా (2 రాజులు 13:21), ఆ సమాధిపై బలిపీఠం కట్టినట్టు వాక్యం చెప్పదు.

వేరుగా ఉన్న ఈ రెండు పెట్టెలను సంఘమే ఒకచోట చేర్చింది. ధాతువులు లేకుండా ఆలయ ప్రతిష్ఠ జరుగరాదని 787లో రెండవ నీకయ సభ ఏడవ నియమం శాసించింది. మన విమర్శ తగలవలసినది ఇక్కడే గాని పేటిక చేసిన పనివానికి కాదు.

నంద్యాల అధ్యక్ష మండలం ఆంగ్లికన్ మిషన్ వారసత్వం కలది. ఆంగ్లికన్ సంఘపు 39 నియమాలలో 22వది విగ్రహాల, అస్థుల ఆరాధనను ఒకే ఊపిరిలో త్రోసిపుచ్చుతుంది. మన ప్రసంగాలలోని జోడింపుకు మూలం అదే కావచ్చు. కాని ఆ నియమంలో కూడా నిషేధం ఆరాధన మీదనే. హిజ్కియా ఇత్తడి సర్పాన్ని పగులగొట్టినదీ (2 రాజులు 18:4) జనులు దానికి ధూపం వేసినందుకే. మోషే దానిని చేయడాన్ని ఆ వచనం తప్పుపట్టలేదు.