కృష్ణుడి పలకరింపులో ఎన్ని మెలికలు!

కృష్ణా డెల్టా దిగువన కోతలూ నూర్పిళ్లూ అయ్యాక, గుడివాడ పక్క ఊళ్లలోనైనా దివిసీమలోనైనా పద్య నాటకం వేస్తున్నారంటే జనం ముందు అడిగేది "కృష్ణుడెవరు?" అని. ఏ నాటకమని అడగాల్సిన పని చాలాసార్లు ఉండదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలే అయి ఉంటుంది. నటుల పేర్లు పోస్టరు మీద పెద్దక్షరాల్లో ఉంటాయి, కవుల పేర్లు కింద ఎక్కడో చిన్నగా ఉంటాయి. నూరేళ్లు దాటినా ఈ నాటకం పాతబడకపోవడంలో సగం పుణ్యం ఆ చిన్న అక్షరాల వాళ్లదేనని నా నమ్మకం.

దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి (1870–1950) ఊరూరా అవధానాలు చేసిన జంట. చెళ్లపిళ్లవారు బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూస్తూ అప్పటికప్పుడు పద్యం చెప్పడం అవధానిలో ఉండే విద్య. నాటకంలో వీళ్ల పద్యానికి ఆ గుణమే దక్కిందనుకుంటాను. కథ తిక్కన భారతానిదే. కానీ ప్రతి పద్యమూ ఎవరో ఒకరి ముఖం చూసి అన్న మాటే.

పడక సీను చూడండి. యుద్ధానికి సాయం అడగడానికి దుర్యోధనుడు ముందే వచ్చి కృష్ణుడి తలవైపు ఆసనం మీద కూర్చున్నాడు. తర్వాత వచ్చిన అర్జునుడు కాళ్ల దగ్గర చేరాడు. లేస్తూనే కృష్ణుడికి కనిపించింది అర్జునుడు. అతన్ని కుశలం అడిగే పద్యం ఉత్పలమాల. గురువు వెంటే రెండు లఘువులు పడే ఎత్తుగడ కాబట్టి పలకరింపు చురుగ్గా సాగుతుంది. అన్నలూ తమ్ములూ బాగున్నారా అని అడుగుతూ, భీముడు అన్న ఆజ్ఞకు లోబడి శాంతంగా మసలుతున్నాడా అని చివర్లో ఒక ప్రశ్న వేస్తాడు. అడిగింది అర్జునుణ్ణి, వినాల్సింది దుర్యోధనుడు. అన్న ఆజ్ఞ సడలితే ఏమవుతుందో తలవైపు కూర్చున్నవాడికి తెలుసు.

ఆ తర్వాత దుర్యోధనుణ్ణి పలకరించే పద్యం శార్దూలం. పాదానికి 19 అక్షరాలు, 13వ అక్షరం దగ్గర యతి. మొదటి మూడు అక్షరాలూ గురువులే కాబట్టి తీరిగ్గా, బరువుగా మొదలవుతుంది. ఆ బరువును గౌరవంగా వినిపించాలా, బావ మీద ప్రేమ పొంగినట్టు వినిపించాలా అన్నది నటుడి చేతిలో ఉంది. అందులో కర్ణుణ్ణి దుర్యోధనుడి ప్రాభవాన్ని పట్టి నిలబడ్డవాడిగా, భీష్ముణ్ణి అతని వంశం మేలు కోరేవాడిగా చెప్పి క్షేమం అడుగుతాడు కృష్ణుడు. భీష్ముడు కోరేది వంశం మేలు. దుర్యోధనుడి పంతం గెలవాలని ఆయన కోరినట్టు ఆ పద్యంలో ఎక్కడా లేదు. కుశల ప్రశ్న ముసుగులోనే ఎవరు ఎంతవరకు నీవాళ్లో లెక్క చెప్పేశాడు. మంచి కృష్ణుడు ఈ తేడా దగ్గర గొంతు పెంచడు. చిన్న విరుపు ఇచ్చి, నవ్వుతూ దాటేస్తాడు.

అందుకే పద్యం పాడటం వేరు, చెప్పడం వేరు అంటారు రంగస్థలం మనుషులు. మైకుల్లేని రోజుల్లో వెనక వరసకు వినిపించాలంటే హెచ్చు శ్రుతి కావాలి, హార్మోనియం తోడు కావాలి. మోహన, కల్యాణి, కానడ లాంటి రాగాలు అలా పద్యాన్ని మోసుకుపోయాయి. దాన్ని నేను తక్కువ చేయను. పొలం నుంచి వచ్చి అర్ధరాత్రి దాకా కూర్చునే మనిషికి ఆ రాగమే మొదటి ఆకర్షణ. చిక్కు ఎక్కడంటే, పాదం చివర ఆలాపన నిమిషాల తరబడి సాగితే ముందున్న ప్రశ్న జనం చెవిలోంచి జారిపోతుంది. దానిమీద వన్స్ మోర్ పడితే కృష్ణుడు దుర్యోధనుణ్ణి రెండోసారి కొత్తగా పలకరించాలి. ఒకే రాత్రి సీనుకో కృష్ణుణ్ణి దించే కాంట్రాక్టు నాటకాల్లో ఈ పోటీ ఇంకా ముదురుతుంది.

కొల్లేటి పక్క ఆటపాక నుంచి వచ్చిన బందా కనకలింగేశ్వరరావు, ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు తలా ఒక తీరు కృష్ణుణ్ణి నిలబెట్టారు. రఘురామయ్య గొంతుతో పాటు ఈలతోనూ జనాన్ని కట్టేశారు. పీసపాటిలో నాకు ఇష్టమైనది మాట విరిచే తీరు. షేక్‌స్పియర్ పద్యాన్ని లయ చూసి చెప్పాలా, అర్థం చూసి చెప్పాలా అని ఇంగ్లండు నటులు ఇప్పటికీ తర్జనభర్జన పడుతుంటారు. పీసపాటి పద్యం వింటే ఆ రెండింటికీ పేచీ లేదనిపిస్తుంది.

సినిమాలో ఆ పని చేసింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల. 1967లో వచ్చిన శ్రీకృష్ణావతారంలో ఈ నాటకం పద్యాలను నిమ్మకూరు బిడ్డ ఎన్టీ రామారావుకు పాడారు. ఆలాపన కురచ చేసి, ప్రతి మాటా విడిగా తెలిసేలా పాడారు. నాటకం ఎన్నడూ చూడని ఇళ్లలోకి కూడా పద్యం వెళ్లింది. బందరు పండితుడి రాత, చౌటపల్లి గొంతు, నిమ్మకూరు ముఖం అలా ఒకచోట చేరాయి.

ఇప్పుడు నేర్చుకునే కుర్రాళ్లు ఎక్కువమంది ఆ రికార్డులే వింటూ సాధన చేస్తారు. గొంతు వస్తుంది, గమకాలూ వస్తాయి. రికార్డు నేర్పలేనిది ఒకటుంది. కృష్ణుడు పద్యం చెబుతున్నంతసేపూ దుర్యోధనుడు ఏం చేయాలి? భీముడి పేరు రాగానే గద మీది చేయి బిగుస్తుందా? కర్ణుడి పేరు వినగానే మెడ నిటారవుతుందా? భీష్ముడి దగ్గర ఆ పొగరులో సన్నటి అనుమానం కదులుతుందా? ఆ వేషగాడు తన పద్యం వంతు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే సీను సగం చచ్చినట్టే. పరిషత్తు పోటీల్లో న్యాయనిర్ణేతలు పాడినవాడికి ఎన్ని మార్కులు వేస్తారో, ఆ సమయంలో విన్నవాడికీ అన్ని వేస్తే బాగుండునని నా కోరిక.