ప్లాట్‌ఫాం మీద పోయే నిమిషం

రోలర్ కోస్టర్ లైన్లో నిలబడ్డవాళ్లంతా తలెత్తి పట్టాల వంక చూస్తుంటారు. నేను మాత్రం ప్లాట్‌ఫాం వంక చూస్తాను. మన వంతు ఎప్పుడొస్తుందో తేలేది అక్కడే.

రావిర్యాల వండర్‌లాలో రీకాయిల్ అనే కోస్టర్ ఉంది. 2016లో పార్కు తెరిచినప్పటిది. బండిని వెనక్కి ఎత్తు మీదికి లాక్కెళ్లి వదిలేస్తారు. అది స్టేషన్ మీదుగానే దూసుకుపోయి, తలకిందులుగా మెలికలు తిరిగి, అవతలి ఎత్తెక్కి, మళ్లీ అదే దారిన వెనక్కి వస్తుంది. ఉన్నది ఒక్కటే బండి. అది వచ్చి ఆగేదాకా తర్వాతివాళ్లు ఎక్కే వీల్లేదు. ఈ తరహా కోస్టర్‌లో బండికి 28 సీట్లుంటాయి, వెళ్లి రావడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. దిగడం, ఎక్కడం, తనిఖీ అన్నీ కలిపి మూడు నిమిషాలకో ట్రిప్పు పడిందనుకోండి, గంటకు 560 మంది ఎక్కుతారు. నాలుగు నిమిషాలైతే 420 మందే. బండి వేగం అదే, పట్టాలూ అవే. ప్లాట్‌ఫాం మీద పోయిన ఒక్క నిమిషం గంటకు 140 మందిని లైన్లోనే ఉంచేసింది.

ఆ నిమిషం ఎక్కడ పోతుందో కాసేపు చూస్తే తెలిసిపోతుంది. సీట్లో కూర్చున్నాక జేబులో ఫోను గుర్తొస్తుంది. చెప్పులు ఎక్కడ వదలాలో తోచదు. ముగ్గురు స్నేహితులొస్తారు, వరుసకేమో రెండే సీట్లు. పనితెలిసిన కుర్రాడైతే బండి ఇంకా గాల్లో ఉండగానే గేటు దగ్గర ‘ఎంతమంది?’ అని అడిగి, ఎవరు ఏ వరుసో వేలితో చూపించేస్తాడు. ‘ఒక్కరే వచ్చినవాళ్లున్నారా?’ అని వెనక్కి కేకేసి, మిగిలిన సీటు నింపేస్తాడు. ఖాళీగా పోయిన సీటు మళ్లీ రాదు.

తనిఖీలో మాత్రం ఒక్క క్షణం తగ్గించినా నేను ఒప్పుకోను. భుజాల మీదికి దించిన కడ్డీని కిందికి నొక్కి, మళ్లీ పైకి లాగి చూస్తారు. అటు ఒకరు, ఇటు ఒకరు, ప్రతి సీటూ. చాలా కోస్టర్లలో ఇద్దరు ఆపరేటర్లూ చెరో బటన్ నొక్కితేగానీ బండి కదలదు. మిగుల్చుకోవాల్సిన సమయమంతా ఆ చెయ్యి కడ్డీ మీద పడకముందే ఉంది.

బండ్లు పెంచితే సరిపోదా అంటారు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని సీడర్ పాయింట్‌లో, 2000లో మొదలైన మిలీనియం ఫోర్స్ ఉంది. ఎత్తు 310 అడుగులు. మూడు బండ్లు, ఒక్కోదాంట్లో 36 మంది. పట్టాను భాగాలుగా విడగొట్టి, ఒక భాగంలో ఒక బండే ఉండేలా కంప్యూటర్ చూసుకుంటుంది, మన రైలు సిగ్నళ్ల పద్ధతే. ముందున్నది స్టేషన్ వదలకపోతే వెనకది జనంతో సహా బయట బ్రేకుల మీద ఆగిపోవాల్సిందే. అక్కడా కీలకం ప్లాట్‌ఫామే.

ఎక్కువ డబ్బు కట్టినవాళ్లకు వేరే లైను పెట్టడం ఇప్పుడు చాలా పార్కుల్లో ఉంది. దానివల్ల సీట్లు పెరగవు. అటు వెళ్లిన ప్రతి సీటూ మామూలు లైన్లోంచి తీసిందే. ట్రిప్పుకు ఎన్ని సీట్లు అలా ఇస్తున్నారో టికెట్ కౌంటర్ దగ్గరే బోర్డు పెట్టాలి. పిల్లల్ని చంకనేసుకుని గంటసేపు నిలబడాలా, ముందు వేరే రైడ్‌కు వెళ్లాలా అన్నది అప్పుడు మామూలు లైన్లోవాళ్లే తేల్చుకుంటారు.