కొలత, తూకం, నిలకడ: అమెరికన్ రీలోడింగ్ సంప్రదాయంలో మందు మోతాదు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో గురిపోటీల షూటర్లూ వేటగాళ్లూ కాల్చిన తూటాల ఇత్తడి తొడుగులను పారవేయకుండా దాచుకుని, ఇంటి గరాజులోనో నేలమాళిగలోనో ఒక బల్లపై వాటిని తిరిగి నింపుకునే అలవాటు పంతొమ్మిదో శతాబ్దం నుంచి నేటిదాకా తెగకుండా సాగుతోంది. రీలోడింగ్ అని పిలిచే ఈ పనిలో తూటాకు నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపలి మందు, మూతి దగ్గర బిగించిన గుండు. వాడిన ప్రైమర్‌ను తొలగించి, కాల్పుల వేడికీ ఒత్తిడికీ ఉబ్బిన తొడుగును డై అనే ఉక్కు అచ్చులోకి నొక్కి పూర్వపు కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్ అమర్చి, మందు పోసి, గుండును కూర్చోబెట్టడంతో తూటా సిద్ధమవుతుంది. తొడుగు, ప్రైమర్, గుండు ఫ్యాక్టరీలో రూపుదిద్దుకుని వస్తాయి కాని, మందు మోతాదును మాత్రం నింపేవారే తమ చేతులతో నిర్ణయించాలి కనుక, ఈ సంప్రదాయపు శ్రద్ధలో అధికభాగం మోతాదు మీదనే నిలిచింది. నిలకడ అంటే చివరి దశాంశం దాకా తూచడం కాదనీ, ఒకే పనిని ప్రతిసారీ ఒకే తీరుగా చేయడమూ, ఎంత సూక్ష్మత అవసరమో ఎరిగి అక్కడ ఆగడమూ అనీ ఆ శ్రద్ధ క్రమంగా తేల్చి చెప్పింది.

నల్లమందు నుంచి పొగరాని మందుకు

సురేకారం, గంధకం, బొగ్గు కలిపి చేసే నల్లమందు రోజులలో మోతాదును పరిమాణంతోనే కొలిచేవారు. ఆ మందును తూటా తొడుగు నిండా పోసి గుండుతో కాస్త అదిమితే చాలు కనుక, పాత్రే కొలతగా పనిచేసేది. అమెరికా సైన్యం 1873లో స్వీకరించిన .45-70 తూటా పేరులోని రెండో అంకె అందులో పట్టే 70 గ్రెయిన్ల నల్లమందునే సూచిస్తుంది. ఒక పౌండుకు 7000 గ్రెయిన్లు, అంటే ఒక గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు. బ్రిటిష్ ఇండియా ప్రమాణం ప్రకారం తులం బంగారం సరిగ్గా 180 గ్రెయిన్లు కనుక, తెలుగు పాఠకులకు ఈ కొలమానం పూర్తిగా అపరిచితమైనదేమీ కాదు.

ఫ్రెంచ్ రసాయనశాస్త్రవేత్త పాల్ వియే 1884లో నైట్రోసెల్యులోజ్‌తో పొగరాని మందును రూపొందించడంతో పరిస్థితి మారింది. కొత్త మందుకు అదే బరువులో నల్లమందు కన్నా ఎంతో ఎక్కువ శక్తి ఉండడమే కాక, చుట్టూ ఒత్తిడి పెరిగే కొద్దీ మరింత వేగంగా మండే గుణం కూడా ఉంది. అందువల్ల మోతాదులోని చిన్న పెరుగుదల ఒత్తిడిలో అంతకు మించిన పెరుగుదలగా పరిణమిస్తుంది. పైగా చాలా తూటాలలో తొడుగు నిండకముందే గరిష్ఠ మోతాదు చేరిపోతుంది కనుక, పాత్ర నిండిందా లేదా అన్న పాత ఆనవాలు పనికిరాకుండా పోయి, కొలిచే సాధనంతోపాటు తూచే సాధనం కూడా తప్పనిసరి అయింది.

ఆ సాధనాలు సామాన్యుల బల్ల మీదకు చేరిన క్రమం కూడా ఆసక్తికరమైనదే. కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్‌లో జాన్ బార్లో 1884లో స్థాపించిన ఐడియల్ కంపెనీ పట్టకారు వంటి రీలోడింగ్ పనిముట్లనూ, మందు కొలిచే పరికరాలనూ, వాటితో పని చేసే తీరును వివరించే చేతిపుస్తకాలనూ దేశమంతటా వ్యాపింపజేసింది; 1925లో దానిని లైమన్ కంపెనీ కొనుగోలు చేసింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యం వద్ద మిగిలిపోయిన మందును కాన్సాస్‌కు చెందిన బ్రూస్ హాడ్జ్‌డన్ కొని చౌకగా అమ్మడం, కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ స్థాపించిన ఆర్‌సీబీఎస్ తొడుగును డైలోకి నొక్కే దృఢమైన ప్రెస్సులను అందుబాటులోకి తేవడం, విస్కాన్సిన్‌లో రిచర్డ్ లీ 1958లో సుత్తితో కొట్టి నింపుకునే చవకైన లీ లోడర్‌ను ప్రవేశపెట్టడం వల్ల రీలోడింగ్ కొద్దిమంది నిపుణుల చేతి నుంచి మధ్యతరగతి కాలక్షేపంగా మారింది. లీ లోడర్‌తో వచ్చే చిన్న గరిటె పరిమాణంతో కొలిచే పాత పద్ధతికి కొనసాగింపే.

కొలత: పరిమాణంతో పట్టే పద్ధతి

పౌడర్ మెజర్ అని పిలిచే యంత్రం ఈ పద్ధతికి ప్రధాన సాధనం. పైన మందు నిలువ ఉండే తొట్టి, దాని కింద అడ్డంగా తిరిగే లోహపు డ్రమ్ము, ఆ డ్రమ్ములో స్క్రూతో లోతు మార్చుకోగల గుంట ఉంటాయి. పిడిని పైకి లేపినప్పుడు గుంట తొట్టికి ఎదురై మందుతో నిండుతుంది, కిందికి దించినప్పుడు ఆ మందు గొట్టం గుండా తూటా తొడుగులోకి జారుతుంది. యంత్రం కొలిచేది పరిమాణాన్ని, మనిషికి కావలసినది బరువు. ఆ రెండింటినీ కలిపేది మందు గుంటలో ఎంత గట్టిగా సర్దుకుంది అన్న విషయం. సోలతో బియ్యం కొలిచేటప్పుడు సోలను కుదిపితే కొన్ని గింజలు ఎక్కువ పట్టినట్టే, పిడిని ఒకసారి మెల్లగా, మరొకసారి విసురుగా తిప్పితే గుంటలో చేరే మందు బరువు మారిపోతుంది.

అందుకే అనుభవజ్ఞులు యంత్రం కంటే చేతి లయకే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తారు. పిడి ప్రయాణపు రెండు చివరలా ఒకే బలంతో తాకించడం, ప్రతిసారీ ఒకే వ్యవధి ఇవ్వడం, తొట్టిలో మందు మట్టం బాగా తగ్గకముందే నింపడం, మొదటి కొన్ని మోతాదులను తూటాలలో పోయకుండా తిరిగి తొట్టిలోకి పంపి మందును కుదురుకోనివ్వడం ఈ పద్ధతిలోని ప్రాథమిక నియమాలు. తొట్టి లోపల బాఫిల్ అనే వంచిన రేకు పలకను అమర్చితే పైనున్న మందు బరువు నేరుగా గుంట మీద పడకుండా, మట్టం తగ్గినా గుంట దగ్గర ఒత్తిడి దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. గుంట సరిగా అమరిందో లేదో తేల్చుకోవడానికి ఒక్క మోతాదును తూచడం కంటే పది మోతాదులను కలిపి తూచి పదితో భాగించడం మేలు. అయితే సగటు సరిపోయినా విడి మోతాదుల మధ్య తేడాలు దాగి ఉండవచ్చు కనుక, కొన్నిటిని విడివిడిగా కూడా తూచి చూడాలి.

మందు కణికల ఆకారం కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది. వెస్టర్న్ కార్ట్రిడ్జ్ కంపెనీలో ఫ్రెడ్ ఓల్సెన్ 1930ల తొలినాళ్లలో రూపొందించిన బాల్ పౌడర్ గుండ్రటి కణికలతో నీటిలా జారుతుంది కనుక, యంత్రంలో చాలా నిలకడగా కొలవబడుతుంది. సన్నని పుల్లల ముక్కల్లా ఉండే ఎక్స్‌ట్రూడెడ్ మందు మాత్రం గుంటలో అడ్డదిడ్డంగా పేరుకుంటుంది, డ్రమ్ము అంచు దగ్గర ఇరుక్కుని పుటుక్కున తెగుతుంది, గొట్టంలో వంతెనలా అడ్డుపడి ఒక తూటాకు తక్కువ, తర్వాతి దానికి ఎక్కువ మందును పంపే ప్రమాదమూ ఉంది.

తూకం: బరువుతో పట్టే పద్ధతి

ఈ లోపాన్ని సవరించడానికి వచ్చినది తూకపు పద్ధతి. అందులో యంత్రంతో కావలసిన దాని కన్నా కాస్త తక్కువ మందును త్రాసు పళ్లెంలోకి తీసుకుని, మిగిలిన కొద్దిపాటినీ ట్రిక్లర్ అనే సాధనంతో చేరుస్తారు. ట్రిక్లర్‌లోని సన్నని మరగొట్టాన్ని వేళ్లతో తిప్పుతుంటే దాని మూతి నుంచి కణికలు ఒకటొకటిగా రాలుతాయి. సంప్రదాయ బీమ్ త్రాసులో కత్తి అంచు వంటి ఇరుసు మీద ఊగే దండం ఉంటుంది. దాని చివరి రాగి పలక అయస్కాంతాల మధ్య కదలడం వల్ల ఊగు త్వరగా ఆగుతుంది. అది విద్యుత్తు మీద ఆధారపడదు, వేడెక్కి దారి తప్పదు. కాని ఇరుసు మీద దుమ్ము చేరినా, బల్ల సమతలంగా లేకపోయినా, గీతను కంటి ఎత్తులో కాక పైనుంచి చూసినా తప్పు చూపుతుంది.

ఇళ్లలో వాడే సాధారణ ఎలక్ట్రానిక్ త్రాసులు భారానికి వంగే లోహపు దిమ్మె మీద అతికించిన స్ట్రెయిన్ గేజ్ ద్వారా బరువును గ్రహిస్తాయి; వాటిలో చాలావాటి కచ్చితత్వం 0.1 గ్రెయిన్‌కు అటూ ఇటూ ఉంటుంది. ఆన్ చేసిన వెంటనే వాడితే సున్నా జరుగుతూ ఉంటుంది, ఫ్యాన్ గాలీ స్థిరవిద్యుత్తూ అంకెను కదిలిస్తాయి. కనుక కొంతసేపు వేడెక్కనిచ్చి, బరువు తెలిసిన చిన్న తూకపు రాళ్లతో, అదీ వాడబోయే మోతాదుకు దగ్గరి బరువుతో, పని మొదట్లోనూ మధ్యలోనూ సరిచూసుకోవాలి. బరువును విద్యుదయస్కాంత బలంతో సమతూకం చేసి లెక్కించే ప్రయోగశాల త్రాసులు ఇప్పుడు దూరపు గురిపోటీల షూటర్ల బల్లలపైకి కూడా వచ్చాయి. వాటి సూక్ష్మత మిల్లీగ్రాము వరకూ, అంటే దాదాపు 0.02 గ్రెయిన్ వరకూ ఉంటుంది. మధ్యరకం రైఫిల్ మందులో ఒక్క కణిక బరువు కూడా ఇంచుమించు అంతే.

ఎంత సూక్ష్మత అవసరం?

సంప్రదాయంలోని అసలైన వివేకం ఈ ప్రశ్న దగ్గరే బయటపడుతుంది. బల్ల మీద రైఫిల్‌ను ఆనించి 100, 200 గజాల దూరంలో ఐదు గుండ్లను వీలైనంత చిన్న గుంపుగా కొట్టే బెంచ్‌రెస్ట్ పోటీలలో విజేతల గుంపులు 100 గజాల దగ్గర అంగుళంలో నాలుగో వంతు కంటే చిన్నవిగా ఉంటాయి. అయినా వారిలో అధికులు మోతాదును తూచకుండా యంత్రంతోనే కొలుస్తారు. హోమర్ కల్వర్ అనే బెంచ్‌రెస్ట్ షూటర్ లైమన్ 55 యంత్రంలో గుంటను క్లిక్కుల లెక్కన సవరించేలా చేసిన మార్పు ఆ రంగంలో ప్రమాణంగా నిలిచింది. మైదానంలోనే తూటాలు నింపుకుంటూ, ఎండ పెరిగే కొద్దీ ఒకటి రెండు క్లిక్కులు మార్చుకునేవారికి తూకం కంటే ఆ పద్ధతే అనువైనది. అంత తక్కువ దూరంలో వేగపు చిన్న తేడాలు గుండు పడే చోటును గుర్తించదగినంతగా మార్చలేవు.

1000 గజాల దగ్గర లెక్క వేరు. .308 విన్‌చెస్టర్ వంటి తూటాలో 0.1 గ్రెయిన్ తేడా గుండు వేగాన్ని సెకనుకు ఐదారు అడుగుల మేర మారుస్తుంది. సెకనుకు 30 అడుగుల తేడా ఉన్న రెండు గుండ్లు ఆ దూరంలో నిలువుగా దాదాపు అడుగు ఎడంతో పడతాయి. ఎఫ్-క్లాస్ అనే దూరపు గురిపోటీలలో వాడే అమెరికన్ లక్ష్యఫలకంలో పది పాయింట్ల వలయం వ్యాసం 10 అంగుళాలే కనుక, అక్కడ యంత్రపు అరగ్రెయిన్ తేడా ఓటమి కిందే లెక్క. పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో 1967లో ఏర్పడిన క్లబ్బుతో వేళ్లూనిన వెయ్యి గజాల బెంచ్‌రెస్ట్‌లో ప్రతి మోతాదునూ తూచడం ఆచారమైంది ఇందుకే.

అయితే తూకాన్ని ఒక హద్దు దాటి సూక్ష్మం చేసినా ప్రయోజనం ఉండదు. తొడుగు లోపలి ఖాళీలో తేడా, గుండును పట్టి ఉంచే మెడ బిగువులో తేడా, ప్రైమర్ల మధ్య తేడా, మందు ఉష్ణోగ్రత, చివరికి డబ్బా మూత తీసి ఉంచడం వల్ల మందులో మారే తేమ కూడా వేగాన్ని మారుస్తాయి. ఇవన్నీ కలిసి ఎంత తేడా తెస్తున్నాయో గుండు వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్ చెబుతుంది, మోతాదులను 0.1 గ్రెయిన్ లోపు నిలిపినా వేగాల వ్యత్యాసం తగ్గకపోతే, దోషాన్ని త్రాసులో కాక తొడుగుల తయారీలో వెతకాలని అనుభవజ్ఞులు గ్రహిస్తారు.

తప్పుకు చోటివ్వని క్రమం

నిలకడకు భద్రతకూ విడదీయలేని సంబంధం ఉంది. పిస్తోలు తూటాలలో వేగంగా మండే మందు కొద్ది గ్రెయిన్లే పడుతుంది, తొడుగులో సగం కూడా నిండదు. పొరపాటున రెండోసారి పోసినా అది పొంగి బయటపడదు కనుక, రెట్టింపు మోతాదుతో తుపాకీ పగిలే ప్రమాదం ఉంది. అసలు మందే పడకపోతే ప్రైమర్ బలానికి గుండు గొట్టంలో మధ్యదాకా వెళ్లి ఇరుక్కుంటుంది. అది గమనించకుండా తర్వాతి తూటాను పేలిస్తే గొట్టమే చీలవచ్చు. వీటిని నివారించడానికి మందు పోసిన తొడుగులను చెక్కదిమ్మె రంధ్రాలలో వరుసగా నిలిపి, గుండ్లు కూర్చడానికి ముందు టార్చి వెలుగులో అన్నిటిలో మందు మట్టం ఒకటేనా అని చూడడం ఆనవాయితీ. బల్ల మీద ఒక్క రకం మందు డబ్బానే ఉంచడం, పని ముగియగానే తొట్టిలోని మందును దాని అసలు డబ్బాలోకే పోయడం, ప్రచురిత లోడింగ్ పుస్తకాలలోని కనీస మోతాదుతో మొదలుపెట్టి గరిష్ఠాన్ని దాటకపోవడం కూడా ఈ క్రమంలోని భాగాలే.

సొంత వాడకానికి తూటాలు నింపుకునేవారికి అమెరికాలో ఫెడరల్ లైసెన్సు అక్కరలేదు, అమ్మకానికి తయారుచేస్తే మాత్రం కావాలి. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. కనుక తెలుగు పాఠకులకు ఈ సంప్రదాయం ఆచరణకు కాక, అవగాహనకు సంబంధించిన విషయం. అమెరికన్ షూటర్లు తమ నోటుపుస్తకాలలో మందు లాట్ నంబరు, మోతాదు, ఉష్ణోగ్రత, వేగం, గుంపు పరిమాణం రాసుకుంటూ పోవడం వల్ల, ప్రయోగశాల లేనివారు కూడా ఒక్కో కారణాన్ని విడదీసి పరీక్షించే పద్ధతిని అలవరచుకున్నారు. ఖరీదైన త్రాసు కొన్నవారికి సైతం వంద గజాల పోటీలో కల్వర్ యంత్రాన్ని చాకచక్యంగా తిప్పేవారిపై ప్రత్యేకమైన ఆధిక్యం దక్కకపోవడం, వెయ్యి గజాల పోటీలో అదే యంత్రం చాలకపోవడం కలిసి ఒకే సూత్రాన్ని నిరూపిస్తాయి: సాధనాన్ని ఎంచుకునే ముందు, ఏ తేడా ఫలితాన్ని మారుస్తుందో, ఏది మార్చదో పరీక్షించి తెలుసుకోవాలి.