పాల లెక్క కింద గీతలు

మా వంటింటి గోడ మీది క్యాలెండర్లో మొన్నటిదాకా పాల లెక్క ఒక్కటే ఉండేది. ఇప్పుడు కొన్ని గడుల్లో పాల అంకె కింద గీతలు కూడా ఉంటున్నాయి. నాలుగు నిలువు, ఐదోది అడ్డం. అవి అక్క మోషన్ల లెక్క.

అక్కకు పెద్దపేగు క్యాన్సర్. పద్నాలుగు రోజులకోసారి కీమో. ఎక్కించే మందుల్లో ఒకటి ఇరినోటికాన్. అది ఎక్కించిన రోజే చెమటలు పట్టి కడుపు మెలిపెడితే నర్సు అట్రోపిన్ సూది వేస్తుంది, అక్కడికది సరి. అసలు గొడవ ఇంటికొచ్చాక. నీళ్ల విరేచనాలు. మొదటిసారి నేరం నా పప్పుచారు మీద పడింది. రెండోసారి మా ఆడపడుచు తెచ్చిన ఇడ్లీల మీద. "ఏం పెట్టావే నాకు?" అని అక్క, "కారమే వెయ్యలేదే తల్లీ" అని నేను. కడుపు చెడితే ముందు కంచాన్ని అనుమానించడం మా ఇంటి ఆనవాయితీ.

గీతలు గీయడం మొదలుపెట్టింది ఉక్రోషంతోనే, నా వంట తప్పు కాదని రుజువు చేద్దామని. మూడో కీమో అయ్యేసరికి గోడ మీదే కనబడింది: ఏం వండినా ఐదో రోజుకే గీతలు గుంపు కడుతున్నాయి.

కారణం ఆ ఇరినోటికానే. అది పని చేశాక కాలేయం దానికి చక్కెర జాతి ముక్కనొకదాన్ని తగిలించి, కోరలు పీకి, పైత్యరసంతో పాటు పేగులోకి వదిలేస్తుంది. అది అలాగే బయటికి పోవాలి. పేగులో కాపురముండే బ్యాక్టీరియాకేమో ఆ చక్కెర కావాలి. బీటా గ్లూకురోనిడేజ్ అనే ఎంజైముతో ఆ ముక్కను తెంపుకుంటాయి. మందుకు మళ్లీ కోరలొస్తాయి, కాటు పేగు లోపలి పొరకు పడుతుంది. పాపం వాటికి మన మీద పగేం లేదు, తమ తిండి తాము చూసుకుంటున్నాయంతే. వాటిని చంపకుండా ఆ ఎంజైమును మాత్రం అడ్డుకుంటే చిట్టెలుకల్లో విరేచనాలు తగ్గాయని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం వాళ్లు, తోటి శాస్త్రవేత్తలు 2010లో 'సైన్స్' పత్రికలో రాశారు. ఆస్పత్రిలో పక్క మంచం పిన్నిగారికి ఇదే మందు ఎక్కుతున్నా ఏ బాధా లేదు. చక్కెర తగిలించడంలో కాలేయం చురుకు మనిషికో రకం, పేగులో కాపురాలూ మనిషికో రకం.

గొడవ పేగు బ్యాక్టీరియాతోనని తెలిశాక చుట్టాలందరూ ప్రోబయోటిక్ గొట్టం మాత్రలు తెచ్చిపెట్టారు. 'మంచి బ్యాక్టీరియా' అట! యాంటీబయాటిక్స్ వాడినవాళ్లు ఇవి మింగితే సొంత బ్యాక్టీరియా తిరిగి కుదురుకోవడం ఆలస్యమైందని 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ చూపించింది. తెల్ల కణాలు పడిపోయే రోజుల్లో అసలే వద్దని మా డాక్టరుగారు ఒక్క మాటలో తేల్చేశారు. ఆ మాత్రలు అలమారలోనే ఉన్నాయి.

గీతలు ఇంకో గుట్టు కూడా బయటపెట్టాయి. "ఎన్నిసార్లమ్మా?" అని డాక్టరు అడిగితే అక్క "రెండు మూడు సార్లండీ" అంది. నా ఫోన్లో ఉన్న క్యాలెండర్ ఫొటోలో తొమ్మిది. కీమో ఆపేస్తారేమోనని దాని భయం. నిజానికి దాచకుండా చెప్పుకుంటేనే మేలు. న్యూయార్క్‌లో స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆస్పత్రి 766 మంది మీద చేసిన పరిశోధన ఫలితం 2017లో వచ్చింది. తమ బాధలను ఎప్పటికప్పుడు కంప్యూటర్లో రాసి నర్సులకు తెలిపినవారు మధ్యస్థ లెక్కన 31.2 నెలలు బతికితే, మామూలు పద్ధతిలో చూపించుకున్నవారు 26 నెలలు. కొత్త మందేమీ లేదు, చెప్పుకోవడమే. ఫొటో చూసి మా డాక్టరుగారు కీమో ఆపలేదు, మోతాదు కాస్త తగ్గించారు. మొదటి పల్చటి విరేచనానికే, విరేచనాలు కట్టే లోపెరమైడ్ మొదలుపెట్టమన్నారు.

ఇప్పుడు పెన్సిలు అక్క చేతికే పోయింది. రాత్రిపూట లైటు వెయ్యకుండా గీస్తుంది కాబట్టి గీత ఒక్కోసారి తిథి మీద పడుతుంది. నిన్న క్యాలెండర్ ముందు నిలబడి వేళ్లు లెక్కపెట్టి, "ఎల్లుండి ఐదో రోజే. గంజికి బియ్యం తీసిపెట్టు. ఈ రెండ్రోజులూ మాత్రం గోంగూర వెయ్యవే, దాని తప్పేం లేదుగా" అంది.