అడిగి పెట్టండి

చిన్నపిల్ల కనపడితే చేతిలో ఏదో ఒకటి పెట్టకుండా మనవాళ్లెవరూ ఉండలేరు. బస్సులో పక్కసీటు పెద్దమ్మ పల్లీల పొట్లం విప్పుతుంది. కిరాణాకొట్టాయన బిస్కెట్టు అందిస్తాడు. గుడిలో పూజారిగారు దోసిట్లో ప్రసాదం పెడతారు. అందరిదీ ప్రేమే. నాలుగేళ్ల మా పాపకు మాత్రం ఆ ప్రేమలో పాలు, పల్లీలు, నువ్వులు, జీడిపప్పు ఉండకూడదు. వీటిలో ఏది నోట్లో పడినా పెదాలు ఉబ్బుతాయి, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, ఒక్కోసారి వాంతులు, ఆయాసం దాకా పోతుంది.

‘పాలు పడవు’ అనగానే చాలామందికి కడుపుబ్బరం గుర్తొస్తుంది. అది పాలలోని చక్కెర అరగకపోవడం. అలర్జీ సంగతి వేరు. పాలలోని ప్రొటీన్‌ను ఒంట్లోని రక్షణ వ్యవస్థ శత్రువనుకుని తిరగబడుతుంది. ఆ తిరుగుబాటుకు గరిటెకు అంటుకున్న మీగడ కూడా చాలు. అందుకే ‘ఒక్క ముక్కకేం కాదులే’ అన్న మాట మా ఇంట్లో చెల్లదు. ‘కొద్దికొద్దిగా పెడుతుంటే అదే అలవాటవుతుంది’ అనేవాళ్లూ ఉన్నారు. అలాంటి చికిత్స ఒకటి ఉన్నమాట నిజమే. దాన్ని అలర్జీ డాక్టర్ల పర్యవేక్షణలో, కొలిచి కొలిచి చేస్తారు. వంటింట్లో చేసే పని కాదది.

మా పుట్టిల్లు అనంతపురం వైపు. శనక్కాయ పండే నేల. పల్లీలతో నూరే ఊరిబిండి లేనిదే మావాళ్లకు సంగటి ముద్ద దిగదు. పాప సంగతి తెలిసినప్పుడు మా నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి ‘ఏమ్మా, నేను పండించిన పంటే నా మనవరాలికి పడదా?’ అన్నాడు. ఆ తర్వాత మేం వస్తున్నామంటే చాలు, ముందురోజే వసారాలో మూటలు గోదాములోకి పోతాయి, పొట్టు లేకుండా ఇల్లంతా తడిగుడ్డతో తుడుస్తారు. పొలం నుంచి రాగానే నాన్న సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని గానీ పాపను ఎత్తుకోడు. శానిటైజర్ రాసుకుంటే పల్లీ ప్రొటీన్ పోదు, సబ్బూ నీళ్లే కావాలి. ఆ విషయం ఇప్పుడు ఊళ్లో అందరికీ చెప్పేది ఆయనే.

హైదరాబాద్‌లో మా వంటింటి కాపలా అత్తయ్యది. పాప కళాయి, గరిటెలు వేరే అరలో ఉంటాయి. పాపకు చేసేది ముందు, మిగతావాళ్ల తిరగమోత తర్వాత. మిక్సీ జార్ సంగతి ఆవిడ చెప్పాకే నాకు తట్టింది. బ్లేడు కింద రబ్బరు వాషర్ ఉంటుంది కదా, దాన్ని ఊడదీసి చూపించారు. ఎంత తోమినా పొడి అక్కడ ఇరుక్కునే ఉంటుంది. పాప జార్ మూతకు ఇప్పుడు ఎర్ర రిబ్బను కట్టి ఉంటుంది. నూనె దగ్గరా ఇదే జాగ్రత్త. బాగా రిఫైన్ చేసిన నూనెలో ప్రొటీన్ దాదాపు మిగలదు, గానుగ నూనెలో మిగులుతుంది. పైగా ఒకే గానుగలో పల్లీ, నువ్వులు, కొబ్బరి ఒకదాని తర్వాత ఒకటి ఆడతారు. కాబట్టి అక్కడి కొబ్బరినూనె కూడా మాకు పనికిరాదు.

బయట తినాల్సి వచ్చినప్పుడు అడిగే తీరులోనే సగం పని ఉంది. ‘చట్నీలో పల్లీలు లేవు కదా?’ అంటే ‘లేవమ్మా’ అనే జవాబొస్తుంది. హడావుడిలో ఉన్న మనిషి మనకు నచ్చేదే చెప్తాడు. ‘చట్నీలో ఏమేం వేశారన్నా?’ అని అడిగితే ఆగి, గుర్తు చేసుకుని, పుట్నాలు, కొబ్బరి, మిర్చి, ‘కొంచెం పల్లీ’ అని వరసపెట్టి చెప్తాడు. ఆ ‘కొంచెం’ కోసమే మనం అడిగింది.

ప్యాకెట్లకు మాత్రం చదువు కావాలి. పాలు అన్న మాట లేకపోయినా వే పౌడర్, కేసినేట్, మిల్క్ సాలిడ్స్ అని ఉంటే అవి పాలే. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం పాలు, గుడ్లు, చేపలు, పల్లీలు, జీడిపప్పులాంటి గింజలు, సోయా, గోధుమ వంటివి ఉంటే ‘కంటైన్స్’ అని విడిగా రాయాలి. ఆ జాబితాలో నువ్వులు లేవు. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వుల పేరూ తప్పనిసరిగా రాస్తున్నారు. సంక్రాంతికి అరిసెల మీద నువ్వులద్దే మన దేశంలో ఆ ఒక్క పేరు చేర్చడం పెద్ద కష్టం కాదు. చేర్చాలని అడుగుతున్నాను. పొడుల్లో, మసాలాల్లో కనపడకుండా కలిసిపోయే గింజ అది.

భోజనం చివర పెరుగన్నం లేకపోతే పిల్ల ఏం బలపడుతుందని బంధువుల దిగులు. పాలూ నువ్వులూ రెండూ పోయాక కాల్షియం ఎక్కణ్నుంచి అన్నది న్యాయమైన ప్రశ్నే. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. మా పాపకు రాగిజావ, మునగాకు పప్పు, తోటకూర రోజూ ఏదో ఒక పూట ఉంటాయి. చివర చారన్నం. ఎత్తూ బరువూ డాక్టరుగారి చార్టులో చూసుకుంటాం. ఆ గీత సరిగ్గా సాగుతోంది.

పాప ఎక్కడికి వెళ్తే అక్కడికి ఒక చిన్న సంచి వెళ్తుంది. అందులో అడ్రినలిన్ మందు, సిరంజి, డాక్టరు రాసిచ్చిన ఒక కాగితం ఉంటాయి. ఊపిరి ఆడకపోయినా, గొంతు బొంగురుపోయినా, పిల్ల వాలిపోతున్నా తొడ బయటివైపు కండరంలోకి ఆ ఇంజక్షన్ వెంటనే పడాలి. సెట్రిజిన్ దురదను తగ్గిస్తుంది గానీ మూసుకుపోతున్న గొంతును తెరవలేదు, పడిపోతున్న బీపీని నిలబెట్టలేదు. ఇంజక్షన్‌తో తేరుకున్నా ఆస్పత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత తిరగబెట్టవచ్చు. పిల్ల బరువు పెరిగేకొద్దీ డోసు మారుతుంది, మందుకు గడువు తేదీ ఉంటుంది. ఈ రెండూ డాక్టరు దగ్గర సరిచూసుకుంటూ ఉండాలి. ఇంట్లో అందరికీ, బడిలో టీచరుకూ, ఆయమ్మకూ ఆ కాగితం చదివి వినిపించాను. మళ్లీ వాళ్లచేత చెప్పించుకున్నాను.

పాలు, గుడ్ల అలర్జీ చాలామంది పిల్లల్లో పెరిగేకొద్దీ పోతుంది. పల్లీలది సుమారు ఐదుగురిలో ఒకరికే పోతుంది. పోయిందో లేదో ఆస్పత్రిలో డాక్టర్ల ఎదుట తినిపించి తేల్చాలి. ఆ రోజు వస్తే సంతోషమే. రాకపోయినా పాప పండగలకూ పెళ్లిళ్లకూ దూరం కాకూడదన్నది నా పట్టుదల. వినాయక చవితికి మా ఇంట్లో ఉండ్రాళ్లు నెయ్యి లేకుండానే చేస్తాం, అందరం అవే తింటాం. గుడిలో ప్రసాదం మేం కళ్లకద్దుకుని తీసుకుంటాం, పాపకు కొబ్బరిముక్కో అరటిపండో ఇమ్మని పూజారిగారిని ముందే అడుగుతాం. కాదన్నవాళ్లు ఇంతవరకు లేరు.

ఇంట్లో ఎంత కాసుకున్నా వీధిలో పెట్టే చేతులన్నీ తల్లి ఆపలేదు. ఆపాలని కూడా నాకు లేదు. పసిపిల్లకు పెట్టాలనిపించే మనసు మన మంచితనంలో భాగం, అది పోకూడదు. పెట్టేముందు పక్కనున్న పెద్దవాళ్లను ‘ఇది పెట్టొచ్చా?’ అని ఒక్క మాట అడగండి. వద్దంటే నొచ్చుకోకండి, రెండోసారి బలవంతం చేయకండి. మా పాప కూడా ఎవరేమిచ్చినా ‘అమ్మనడిగి తింటా’ అనడం నేర్చుకుంది. నాలుగేళ్ల పిల్ల అడగగలిగినప్పుడు మనం అడగలేమా?